నల్లా పొక్కకు జవాబుదారీ ఎవరు?

సంపాదకులకు,
నమస్కారం.

వానలు మొదలవగానే మీ జిల్లా పేజీలో ఇళ్లలో నెమ్ము గురించి ఒక కథనం వేశారు. స్లాబు మీద నీళ్లు నిలవనీయొద్దని, పిట్టగోడ పగుళ్లు పూడ్పించుకోవాలని, డాబా మీద కెమికల్ పూత వేయించుకోవాలని రాశారు. అన్నీ పనికొచ్చే మాటలే, కాదనను. కానీ నెమ్ము అనగానే అందరూ తలెత్తి స్లాబు వైపే చూడడం నాకు నచ్చలేదు. మే నెలలో బయట 44 డిగ్రీల ఎండ కాస్తుంటే, నెల రోజులుగా చుక్క వాన లేకపోతే, బెడ్‌రూం గోడ చెమ్మగిల్లి రంగు పెచ్చులు పెచ్చులుగా రాలుతుంటే ఏ మబ్బును తిట్టాలి?

నేను కాజీపేట డీజిల్ లోకో షెడ్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు హనుమకొండలో మేముండే అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శిని. అదేం పెద్ద హోదా కాదు. లిఫ్ట్ ఆగినా, మోటారు కాలినా, పై ఫ్లాటు నీళ్లు కింది ఫ్లాటులోకి దిగినా అందరూ ముందు కొట్టే ఫోన్ నంబరు నాది, అంతే. ఈ మూడో రకం పంచాయితీలు తెంపగా తెంపగా నాకు అర్థమైన సంగతి ఒకటుంది. బాత్రూం గోడలోంచి నల్లాలు, షవర్లు బయటికొచ్చే చోట పడే పొక్కలకు, అంటే రంధ్రాలకు, మన దగ్గర యజమాని లేడు. ప్లంబరు తనది కాదంటాడు. టైల్స్ మేస్త్రి తనది కాదంటాడు. వాటర్‌ప్రూఫింగ్ చేసే అతనైతే గోడ వైపు చూడనే చూడడు.

మీ ఇంట్లో ఒక బాత్రూంలోకి పోయి లెక్కపెట్టండి. మిక్సరుకు (వేడినీళ్లు, చన్నీళ్లు కలిపే నల్లాకు) రెండు, షవరుకు ఒకటి, గీజరుకు రెండు, హెల్త్ ఫాసెట్‌కు ఒకటి, ఫ్లష్ ట్యాంకుకు ఒకటి, వాష్ బేసిన్‌కు ఒకటో రెండో, బకెట్ కింద పెట్టే నల్లాకు ఒకటి. ఎటు చూసినా తొమ్మిదో పదో పొక్కలు తేలతాయి. అన్నీ ఒకేలా ప్రమాదం కాదు. వాష్ బేసిన్ కింద ఉన్నవాటి మీద నీళ్లు పడవు. షవరు కింద ఉన్న మిక్సరు పొక్కలు రెండు, షవరు రాడ్డు వచ్చే పొక్క ఒకటి, ఈ మూడింటి మీద మాత్రం రోజూ నీళ్లు ధారగా పడతాయి. అసలు గొడవ ఇక్కడే.

మా దగ్గర జరిగిందే చెప్తాను. మూడో అంతస్తు వాళ్ల బాత్రూం కింద రెండో అంతస్తు వాళ్ల బెడ్‌రూం. కింది వాళ్ల గోడ మీద, సీలింగ్‌కు కాస్త కిందుగా, తాంబాళం అంత మచ్చ లేచింది. ఆ గోడకు ఆనించి చేయించిన అల్మారా వెనక ప్లైవుడ్ ఉబ్బి, లోపల మడతపెట్టిన పట్టుచీరలకు బూజు పట్టింది. పట్టుచీరల దాకా వచ్చాక పంచాయితీ ఏ స్థాయికి పోతుందో మీకు చెప్పనక్కర్లేదు. ఒక కాంట్రాక్టరును పిలిపిస్తే, చూసీ చూడకుండానే "ఫ్లోర్ లీకేజ్ సార్, పగలగొట్టుడే" అన్నాడు. పై ఫ్లాటు వాళ్లు బాత్రూం ఫ్లోరంతా తవ్వించి, మళ్లీ కెమికల్ పూయించి, నీళ్లు నిలబెట్టి చూసి, కొత్త టైల్స్ వేయించారు. నలభై వేల పైచిలుకు ఖర్చు. నెల తిరగకముందే మచ్చ మళ్లీ వచ్చింది.

అసలు దొంగ ఎక్కడున్నాడో మేడారం జాతర చెప్పింది. పై ఫ్లాటు వాళ్లు ఇంటిల్లిపాదీ జాతరకు పోయి, అటునుంచి అటే ములుగులో చుట్టాలింట్లో ఆగారు. వాళ్లు లేని రోజుల్లో కింది గోడ ఆరింది. పోయేటప్పుడు వాళ్లు వాల్వ్ కట్టేయలేదు, పైపుల్లో నీళ్లు ఎప్పటిలాగే ట్యాంకు ప్రెషరుతో నిలబడి ఉన్నాయి. పైపే కారుతుంటే ఇంట్లో మనుషులున్నా లేకున్నా కారాలి కదా. కాబట్టి పైపు కాదు. తిరిగొచ్చాక రెండు మూడు రోజులు షవరు ముట్టకుండా బకెట్‌తో, కింద కూర్చుని తానం చేయమన్నాను. ఫ్లోరు నిండా నీళ్లే, అయినా మచ్చ రాలేదు. కాబట్టి ఫ్లోరూ కాదు. ఆ తర్వాత షవరు తిప్పి, నీళ్లు సరిగ్గా మిక్సరు మీద పడేలా వదిలితే మర్నాటి పొద్దునకల్లా కింద గోడ నల్లబడింది.

మిక్సరు ఊడదీయించాను. గోడకు ఆనుకుని గిన్నె మూతలా ఉంటుందే, ఫ్లాంజ్ అంటాం, దాన్ని వెనక్కి లాగి టార్చి వేసి చూస్తే పైపు చుట్టూ పిడికిలి పట్టేంత పొక్క. టైల్‌ను గ్రైండరుతో నాలుగు వైపులా కోసి, మధ్య ముక్కను సుత్తితో కొట్టి తీసినట్టున్నారు. మూలల నుంచి వెంట్రుక వాసి పగుళ్లు బయటికి పాకి ఉన్నాయి. పొక్కలో సిమెంటు సంచి ముక్క కుక్కి, పైన తెల్ల సిమెంటు మెత్తారు. ఆ తెల్ల సిమెంటు పైపును వదిలేసి చుట్టూ గీత గీసినట్టు విడిపోయింది. స్క్రూడ్రైవర్ మొనతో కదిపితే బిళ్ల బిళ్లగానే ఊడి చేతిలో పడింది. వెనక సంచి ముక్క నల్లగా నాని, పిండితే నీళ్లు కారేలా ఉంది. బయటి నుంచి చూస్తే మాత్రం తళతళలాడే క్రోమియం ఫ్లాంజ్, దాని కింద ఇంత కథ ఉందని ఎవరూ అనుకోరు.

తర్వాత వరసగా అందరినీ అడిగాను, ఎందుకిట్లా అని. ప్లంబరు అన్నాడు: "పైపు తెచ్చి మూతి ఇడిసిపెట్టుడు వరకే నాది సార్. టైల్ కోసుడు టైల్సోళ్ల పని." టైల్స్ మేస్త్రి అన్నాడు: "ప్లంబర్ ఎల్బో (పైపు మలుపు ముక్క) వంకర పెట్టిండు. పొక్క పెద్దగ కోయకుంటే నల్లా కూసోదు. ఎట్లైన ఫ్లాంజ్ కప్పుతది గద సార్." కెమికల్ కొట్టిన అతను: "మాది ఫ్లోరు, గోడకు ఒక ఫీటు. రేటు గంతే మాట్లాడిండ్రు." ముగ్గురిలో ఒక్కరూ అబద్ధం చెప్పలేదు. ఎవరి పని వాళ్లు చేశారు. మధ్యలో మిగిలిపోయిన ఆ నాలుగంగుళాల వలయం మాత్రం ఎవరి కూలీ లెక్కలోకీ రాలేదు.

ఫ్లాంజ్ కప్పుతుంది అన్నాడు చూడండి, అక్కడే నాకు మండింది. కప్పడం వేరు, మూయడం వేరు. ఫ్లాంజ్ అందం కోసం పెట్టే రేకు. దాని అంచుకు, టైల్‌కు మధ్య కాగితం దూరేంత సందు ఎప్పుడూ ఉంటుంది. గోడ మీద జారే నీళ్లకు ఆ సందు చాలు. లోపలికి పోయిన నీళ్లు పైపు ఒంటిని పట్టుకుని ఇటుకలోకి దిగుతాయి. ఇటుక నీళ్లు ఎంత తాగుతుందో చాలామందికి తెలియదు. మామూలు ఎర్ర ఇటుకను 24 గంటలు నీళ్లలో ముంచితే దాని బరువులో 20 శాతం దాకా పీల్చుకోవచ్చని మన ఐఎస్ 1077 ప్రమాణమే ఒప్పుకుంటుంది. మూడు కిలోల ఇటుక ఆరు వందల గ్రాముల నీళ్లు తాగి కూడా పాసే. రోజూ నలుగురు షవరు కింద నిలబడే ఇంట్లో ఆ గోడ ఆరే సందే ఉండదు.

టైల్ వేశాం కదా, నీళ్లు ఎట్లా పోతాయి అంటారు. టైల్ బిళ్లలోంచి పోవు. బిళ్లకు బిళ్లకు మధ్య నింపే సిమెంటు గ్రౌట్ నీళ్లు పీలుస్తుంది. అసలు నీళ్లను ఆపేది టైల్ వెనక ప్లాస్టరు మీద కొట్టే పూత. ఆ పూతను మన దగ్గర ఫ్లోరుకు కొట్టి, గోడకు అడుగో అడుగున్నరో లేపి ఆపేస్తారు. బకెట్ తానానికి అది చాలు. షవరుకు చాలదు, షవరు మూతికంటే పైదాకా పోవాలి. అమెరికాలో ఇళ్లకు వాడే కోడ్‌లో షవరు ఉన్న గోడకు ఫ్లోరు నుంచి కనీసం ఆరడుగుల దాకా నీళ్లు పీల్చని ముగింపు ఉండాలని రాసి ఉంది. ఇంకో సంగతి, పూత ఎంత పైకి కొట్టినా పైపు దగ్గర పొక్క పొక్కే. అక్కడ పూతను పైపు మూతి దాకా తెచ్చి, రబ్బరు కాలర్ వేసో, మెష్ గుడ్డ అంటించి రెండు కోట్లు కొట్టో కలపాలి. ఈ కాలర్లు పెద్ద శానిటరీ షాపుల్లో దొరుకుతున్నాయి. అడిగేవాళ్లు లేక మూలన పడి ఉంటాయి.

వెనకటి ఇళ్లలో ఈ బాధ లేదు. పెరట్లో షాబాద్ బండల మీద గోలెంలోంచి చెంబుతో ముంచుకుని తానం చేసేవాళ్లం. గోడకు నల్లా లేదు, పొక్కా లేదు. తానాల గదిని తెచ్చి పడకగదికి ఆనించి కట్టుకున్నాం, దానిలో షవరు పెట్టుకున్నాం, గోడ మాత్రం పాత లెక్కలోనే నాలుగున్నర ఇంచుల ఒంటి ఇటుక గోడ. మళ్లీ పెరట్లోకి పోదామని కాదు, నాకూ షవరే ఇష్టం.

తెల్ల సిమెంటు ఎందుకు నిలవదో కూడా చెప్పాలి, ఎందుకంటే ఊళ్లో అందరి మందూ అదే. ఇప్పుడు వేడినీళ్లకు వాడేవి సీపీవీసీ అనే వేడిని తట్టుకునే ప్లాస్టిక్ పైపులు. మంచివే, తుప్పు పట్టవు. కానీ ప్లాస్టిక్ వేడికి సిమెంటు కంటే ఐదారు రెట్లు ఎక్కువ సాగుతుంది. పది అడుగుల పైపులో నీళ్ల వేడి 30 డిగ్రీలు పెరిగితే పైపు అర సెంటీమీటరు పైనే పెరుగుతుంది. పొద్దున గీజరు వేస్తే సాగడం, మధ్యాహ్నానికి చల్లారి ముడుచుకోవడం, రోజూ ఇదే. దాని చుట్టూ బిగదీసి పెట్టిన తెల్ల సిమెంటు ఎండేటప్పుడు తనంతట తనే కుంచించుకుపోతుంది, తర్వాత పైపుతో పాటు కదలలేక విరుగుతుంది. పైగా నల్లా తిప్పిన ప్రతిసారీ, హెల్త్ ఫాసెట్ లాగిన ప్రతిసారీ ఆ మూతి అంతో ఇంతో ఊగుతుంది. కదిలే చోట కదిలే పదార్థమే పెట్టాలి. షెడ్‌లో మేం ఇంజిన్‌కు ఇనుముకూ ఇనుముకూ మధ్య గ్యాస్కెట్ పెట్టేది అందుకే. రబ్బరో, సిలికానో అక్కడ ఉండాలి.

ప్లంబర్ల తప్పు గురించి ఒకటి గట్టిగా చెప్పాలి. గోడలో ఎల్బో పెట్టేటప్పుడు దాని మూతి రేపు టైల్ అంటించాక టైల్ ముఖానికి సమంగా రావాలి. ప్లాస్టరు అర అంగుళం, టైల్ అంటించే మాల్ (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) ఇంకో అర అంగుళం, టైల్ మందం, ఇవన్నీ ముందే లెక్కేసుకోవాలి. లెక్కేయరు. ఎల్బో లోపల ఉండిపోతుంది. అప్పుడు ఎక్స్‌టెన్షన్ నిపుల్ అని ఒక ఇత్తడి ముక్క బిగించి నల్లాను బయటికి తెస్తారు. ఒక్కోసారి రెండు ముక్కలు ఒకదానికొకటి. అంటే గోడ లోపల, కంటికి కనపడని చోట, కొత్తగా ఒకటో రెండో మర జాయింట్లు. అక్కడ టెఫ్లాన్ టేపు తక్కువ చుట్టినా, మర చుట్టుకు ఎదురు దిక్కున చుట్టినా, వచ్చే చెమ్మ ఫ్లాంజ్ వెనకే దిగుతుంది. ఇక ప్లాస్టిక్ మరలోకి ఇత్తడి నిపుల్‌ను పానాతో బలంగా తిప్పితే ఎల్బో నిలువునా పగులుతుంది. నల్లాలు వచ్చే చోట లోపల ఇత్తడి మర ఉన్న ఎల్బోనే వాడాలి. తేడా ముక్కకు వంద, రెండొందలు.

కన్సీల్డ్ డైవర్టర్లది, అంటే గోడలోపలే దాచి బిగించి నీళ్లను షవరుకో నల్లాకో మళ్లించే వాల్వులది, ఇంకో కథ. దాని బాడీ గోడలో ఎంత లోతులో ఉండాలో కంపెనీ వాళ్లే పైన ప్లాస్టిక్ మూత మీద గీతలు గీసి పంపుతారు, ఇక్కడి నుంచి ఇక్కడి లోపు టైల్ ముఖం రావాలని. ఆ మూత ప్లాస్టరు కాకముందే పనివాళ్ల కాళ్ల కింద పడి ఉంటుంది. నాలుగున్నర ఇంచుల గోడలో ఆ బాడీ కోసం రెండున్నర, మూడు ఇంచులు తవ్వితే అవతల బెడ్‌రూం వైపు మిగిలేది ఇంచున్నరో, రెండించులో. అవతల సరిగ్గా అక్కడే స్విచ్‌బోర్డు పెట్టిన ఇళ్లు చూశాను. నెమ్ము దిగిన గోడలో కరెంటు పెట్టెలు ఉంటే నాకు టెన్షన్. అలాంటి ఇంట్లో 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉందో లేదో ముందు చూసుకోండి, మచ్చ సంగతి తర్వాత.

సరే, మా మూడో అంతస్తు పొక్కను ఎట్లా మూయించానో చెప్తాను. సంచి ముక్క, తెల్ల సిమెంటు మొత్తం గీకించాను. టేబుల్ ఫ్యాన్ పెట్టి, షవరు ఆపేసి, లోపల పొడి తేలేదాకా ఆరనిచ్చాం. తడి మీద ఏది పూసినా అంటదు, ఈ ఓపిక లేకే చాలా రిపేర్లు పాడవుతాయి. పొక్కను పాలిమర్ కలిపిన మాల్‌తో నింపి, పైపు చుట్టూ పెన్సిల్ మందం గాడి వదిలించాను. మాల్ గట్టిపడ్డాక రెండుసార్లు వాటర్‌ప్రూఫ్ పూత. ఆ గాడిలో సిలికాన్. సిలికాన్‌లో రెండు రకాలు వస్తాయి: పూస్తుంటే వెనిగర్ వాసన ముక్కుకు తగిలేది ఒకటి, వాసన లేని న్యూట్రల్ రకం ఇంకొకటి. వెనిగర్ వాసన రకం పాలరాతికీ, ఇత్తడికీ మంచిది కాదు. నల్లాల దగ్గర న్యూట్రల్ రకం, అందులోనూ బూజు పట్టని బాత్రూం రకం తీసుకోవాలి. ఆ తర్వాత ఫ్లాంజ్‌ను గోడకు నొక్కి, దాని అంచుకు పైనా, రెండు పక్కలా సిలికాన్ గీత పెట్టించాను. కింద మాత్రం వేలెడు మేర వదిలేయమన్నాను.

కింద వదిలేయమంటే ప్లంబరు నవ్వాడు, "గదేంది సార్, సగం పని" అన్నాడు. ఆ సందు కావాలనే. ఎప్పుడైనా లోపల మర జాయింటు కారితే నీళ్లు ఆ సందులోంచి టైల్ మీదికి జారతాయి, మనకు కనపడతాయి. చుట్టూ మూసేస్తే ఆ నీళ్లు పోయేది గోడలోకే, కింది వాళ్ల పట్టుచీరల్లోకే. అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో బాత్‌టబ్ గోడకు ఉన్న వాల్వ్ ప్లేటు కింద చిన్న గాడి చూశాను, అదీ ఇందుకే. అక్కడి ఇళ్లు లోపల కర్ర చట్రాలు, వాటి మీద షీట్లు. నీళ్లు దిగితే కర్ర కుళ్లి గోడే మెత్తబడుతుంది. అందుకే ఈ ముచ్చట మీద వాళ్లకు భయం ఎక్కువ. ఫిక్చరు, అంటే బేసిన్, టబ్బు లాంటిది, గోడకు తగిలే చోట జాయింటు నీళ్లు పోకుండా మూయాలని వాళ్ల ప్లంబింగ్ కోడ్‌లో విడిగా రాసుకున్నారు. మన ఇటుక గోడ కూలదు. మెల్లగా ఉప్పు కక్కుతుంది. అదే మనకు అలుసైపోయింది.

బాత్‌టబ్ అంటే గుర్తొచ్చింది. హంటర్ రోడ్డు, హసన్‌పర్తి వైపు లేస్తున్న కొత్త ఇళ్లలో కొందరు టబ్బులు పెట్టించుకుంటున్నారు. పెట్టుకోండి. కానీ టబ్బుకూ గోడకూ మధ్య సిలికాన్ పెట్టే ముందు టబ్బు నిండా నీళ్లు నింపి, ఆ బరువు మీద టబ్బు కిందికి దిగినంత దిగాక పెట్టించండి, అది గట్టిపడేదాకా నీళ్లు వదలొద్దు. ఖాళీ టబ్బుకు పెడితే మొదటిసారి మనిషి దిగగానే గీత సాగి తెగుతుంది. టబ్బు నిండితే నీళ్లు బయటికి పోయే ఓవర్‌ఫ్లో పొక్క వెనక రబ్బరు వాషరు సరిగ్గా కూర్చుందో లేదో గోడ మూయకముందే చూసుకోవాలి.

టబ్బుల కంటే నాకు ముఖ్యమైనది ముసలివాళ్లు పట్టుకునే కడ్డీ. నా వయసు వాళ్లున్న ప్రతి బాత్రూంలో అది ఉండాలని నేను గట్టిగా చెప్తాను. దాన్ని బిగించడానికి టైల్‌కు మరో ఆరు పొక్కలు. టవల్ రాడ్డు, సబ్బు పెట్టె, అద్దం, ఇవి వేరే. డ్రిల్లు పెట్టి కొడతారు, ప్లాస్టిక్ గిట్టీ దోపి స్క్రూ బిగిస్తారు, అయిపోయింది. గిట్టీ దోపే ముందు పొక్కలో ఇంత సిలికాన్ ఎక్కించడానికి అర నిమిషం పడుతుంది. ఎవరూ చేయరు. డ్రిల్లు పెట్టేటప్పుడు లోపల పైపు ఎటు పోతోందో తెలియక చిల్లు పొడిచి గోడలోంచి ఫౌంటెన్ లేపిన వాళ్లను కూడా చూశాను. ఇల్లు కట్టేవాళ్లు ప్లాస్టరు చేయకముందే ప్రతి గోడకు టేపు ఆనించి ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. పైసా ఖర్చు లేని పని.

ఇప్పుడు అసలు అడగాల్సింది. షెడ్‌లో ఏ పని చేసినా షెడ్యూలు కాగితం మీద చేసినవాడి సంతకం ఉండేది. బ్రేకు పైపు జాయింటు బిగిస్తే ఐదు కిలోల గాలి ఎక్కించి, సబ్బు నీళ్లు పూసి, బుడగ రాకపోతేనే సంతకం. ఇల్లు కట్టేటప్పుడు సంతకం అడగడం మనకు చేతకాదు. కనీసం ప్లంబరుతో, టైల్స్ మేస్త్రితో రేటు మాట్లాడుకునే రోజే ఒక మాట అనుకోవచ్చు: నల్లా పొక్క ఎవరిది? నా మట్టుకు నేను ప్లంబరుదే అంటాను, ఎందుకంటే నల్లా బిగించడానికి ఆఖరున వచ్చేది అతనే. మూయడానికి అతనికి విడిగా కూలీ ఇవ్వాలి, ఉత్తినే చేయమనకూడదు. టైల్స్ మేస్త్రి మాత్రం గ్రైండరు పక్కన పెట్టి, గుండ్రటి డైమండ్ బిట్‌తో పైపు కంటే కాస్తే పెద్దగా పొక్క తీయాలి. ఇప్పుడు టైల్స్ పనిలో చాలామంది ఉత్తరాది కుర్రాళ్లు. చేయి బాగుంటుంది, నాకు వాళ్ల పని ఇష్టం. కానీ ప్లంబరు పైపులేసి పోయిన ఎన్నాళ్లకో వాళ్లొస్తారు, ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. టైల్ మొదలుపెట్టే పొద్దున ఒక గంట ఇద్దరినీ ఒకే గోడ ముందు నిలబెట్టడం ఇంటి యజమాని పని.

పరీక్ష లేకుండా ఆఖరి కిస్తు ఇవ్వొద్దు. ప్లాస్టరుకు ముందు పైపుల మూతులకు ప్లగ్గులు బిగించి చేతి పంపుతో ప్రెషరు పెట్టి చూడాలి. ట్యాంకు నీళ్లు వదిలి "కారట్లేదు సార్" అంటే నమ్మొద్దు. పది మీటర్ల ఎత్తున్న ట్యాంకు ఇచ్చేది చదరపు సెంటీమీటరుకు ఒక్క కిలో ప్రెషరే, రేపు ప్రెషరు పంపు పెట్టుకున్నాక అసలు రంగు బయటపడుతుంది. ఫ్లోరుకు నీళ్లు నిలబెట్టి చూసే పరీక్ష అందరూ చేస్తున్నారు, మంచిదే, కానీ ఆ నీళ్లు నడుం ఎత్తులో ఉన్న మిక్సరు పొక్కను తాకనే తాకవు. దానికి వేరే పరీక్ష ఉంది. ఫ్లాంజ్‌లన్నీ బిగించాక ఒక రబ్బరు పైపుతో ఒక్కో మూతి మీద పావుగంట నీళ్లు కొట్టించి, మర్నాడు గోడ అవతలి వైపు చేయి పెట్టి చూడాలి.

అపార్ట్‌మెంట్ కొన్నవాళ్లకు ఇంకో దారి కూడా ఉంది. 2016 రియల్ ఎస్టేట్ చట్టం సెక్షన్ 14(3) ప్రకారం, ఫ్లాటు అప్పగించిన రోజు నుంచి ఐదేళ్ల లోపు నిర్మాణంలో గానీ పనితనంలో గానీ లోపం బయటపడి మీరు చెప్తే, బిల్డరు 30 రోజుల్లో తన ఖర్చుతో బాగుచేయాలి. చేయకపోతే పరిహారం అడగొచ్చు. గోడలోంచి దిగే నెమ్ము పనితనం లోపం కాక మరేమిటి? కానీ మనవాళ్లు ఫోన్‌లో తిట్టుకుంటారు, కాగితం మీద రాసివ్వరు. మచ్చ కనపడిన రోజే తేదీ వేసి ఫొటో తీసి, ఉత్తరం రాసి, అందినట్టు సంతకం తీసుకోండి. పై ఫ్లాటు వాళ్లతో కొట్లాడేది ఆ తర్వాత. వాళ్లూ మీలాగే కొనుక్కున్నవాళ్లు, ఫ్లాంజ్ వెనక ఏముందో వాళ్లకూ తెలియదు.

కార్పొరేషన్ అధికారులు వచ్చి ఫ్లాంజ్‌లు ఊడదీసి చూడాలని నేను కోరడం లేదు. నాలాల్లో నీళ్లు ఆగకుండా చూస్తే అదే పదివేలు. ఐటీఐ వాళ్లను మాత్రం ఒకటి అడుగుతాను. ప్లంబరు ట్రేడ్ ఏడాది కోర్సు ఉంది. అందులో పిల్లలకు పైపు అతకడం, మర కోయడం నేర్పుతారు. దాంతో పాటు ఒక గోడ కట్టించి, ప్లాస్టరు చేయించి, టైల్ అంటించి, నల్లా బిగించి, పొక్క మూసి, నీళ్లు కొట్టి చూపించండి. మళ్లీ ఊడదీసి వెనక ఏమైందో వాళ్ల కళ్లతో చూడనివ్వండి. ఒక్కసారి లోపల నానిన సంచి ముక్క చూసిన పిల్లవాడు జన్మలో అక్కడ కాగితం కుక్కడు.

ఈ ఉత్తరం చదివి "గివన్ని చేస్తె రేటు ఎక్కువైతది, ఓనర్లు ఒప్పుకోరు" అనే మేస్త్రి అన్నలు ఉంటారని తెలుసు. మా మూడో అంతస్తు లెక్క చూడండి. సిలికాన్ ట్యూబు, పాలిమర్, పూత డబ్బా, ప్లంబరు రోజు కూలీ కలిపి మూడు వేలు దాటలేదు. ఫ్లోరు తవ్విన నలభై వేల బిల్లు పక్కనే ఉంది, రెండూ మా సంఘం ఫైల్లో భద్రంగా పెట్టాను. మీ విలేకరి ఎవరైనా వస్తే చూపిస్తాను, ఆ నానిన సంచి ముక్క ఫొటో కూడా ఉంది. మీ కథనం రెండో భాగం రాసేటప్పుడు డాబా ఫొటోకు బదులు అది వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రైల్వే ఫిట్టర్,
అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి,
హనుమకొండ